మందు నిచ్చు చేయి: నర్సింగు విద్యార్థినియు ఔషధశాస్త్రమును

ఉదయము ఆరు గంటలు కావచ్చినది. జిల్లా ఆసుపత్రిలోని స్త్రీల వార్డునందు రాత్రి డ్యూటీ ముగియుటకు ఇంకను కొంత సమయమున్నది. నర్సింగు రెండవ సంవత్సరపు విద్యార్థిని యొకతె మందుల పళ్లెము చేతబట్టుకొని ఒక పడక నుండి మరియొక పడకకు పోవుచున్నది. ఏడవ పడకపై ఒక వృద్ధురాలు గోడకు చేరగిలి కూర్చున్నది. గుండె బలహీనత వలన కాళ్లు వాచి, ఆయాసముతో పది దినముల క్రిందట వచ్చి చేరిన మనిషి. వాపు చాలవరకు తీసినది, ఆయాసము తగ్గినది. ఉదయమున ఆమెకు ఇయ్యవలసినది ఒక చిన్న మాత్ర. దాని పేరు డిగాక్సిన్, మోతాదు 0.25 మిల్లీగ్రాము.

"అవ్వా, రాత్రి నిద్ర పట్టిందా?" అని విద్యార్థిని అడిగినది.

"పట్టిందమ్మా. కాని రెండు రోజుల నుంచి అన్నం సయించడం లేదు. కడుపులో తిప్పినట్టుంటుంది. ముసలిదాన్ని గదా, ఏం తింటానులే!" అని అవ్వ నవ్వినది.

విద్యార్థిని పళ్లెమును బల్లపై నుంచి, స్టెతస్కోపును అవ్వ గుండె కొనవద్ద ఆనించి, గడియారము చూచుచు పూర్తిగా ఒక నిమిషము లెక్కించినది. ఏబదిరెండు.

మాత్ర పళ్లెములో నున్నది. కేసుషీటుపై వైద్యుని సంతకమున్నది. ఇంకను పదునొకండు పడకలు మిగిలియున్నవి. ఆ మాత్రను ఇయ్యవలెనా, ఆపవలెనా?

ఇట్టి ఉదయము దేశములోని ఏ ఆసుపత్రిలోనైనను రావచ్చును. ఆ విద్యార్థిని యేమి చేసినదో తెలిసికొనుటకు ముందు, నర్సింగు చదువులో ఔషధశాస్త్రమునకు ఏల చోటు కల్పింపబడినదో తెలిసికొనుట మేలు. ఆ ప్రశ్నకు సమాధానము ఆ శాస్త్రములోనే యున్నది.

ముగ్గురు కావలివారు

మందు రోగి శరీరమునకు చేరులోపల ముగ్గురి చేతులు దాటును. వైద్యుడు వ్రాయును, ఫార్మసిస్టు తీసి యిచ్చును, నర్సు రోగికి వేయును. వైద్యుడు పొరపడినయెడల ఫార్మసిస్టు పట్టుకొనవచ్చును. ఫార్మసిస్టు పొరపడినయెడల నర్సు పట్టుకొనవచ్చును. నర్సు పొరపడినయెడల పట్టుకొనుటకు ఆమె వెనుక మరి యెవ్వరును లేరు. అటుపిమ్మట నున్నది రోగి శరీరమే.

"మందును నిర్ణయించునది వైద్యుడు గదా, నర్సుకు ఇంత శాస్త్రమేల?" అని కొందరు అడుగుదురు. వ్రాసినది వ్రాసినట్లు ఇచ్చుట మాత్రమే నర్సు పనియైనచో, నిజముగనే ఇంత చదువు అక్కరలేదు. కాని వైద్యుడు మందు వ్రాసిన సమయమున రోగి ఒక విధముగ నుండును. మందు ఇచ్చు సమయమునకు మరియొక విధముగ నుండవచ్చును. ఆ మార్పును కన్నులార చూచునది రాత్రింబగళ్లు పడక ప్రక్కన మసలు నర్సు. చూచినదాని అర్థము తెలియవలెనన్న ఔషధశాస్త్రము కావలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వలన కలుగు హానిని తగ్గించుటకై ప్రత్యేకముగ ఒక ప్రపంచవ్యాప్త ఉద్యమమును ఆరంభించినదన్నచో, ఈ విషయమున ఏమరుపాటు ఎంత ప్రమాదకరమో గ్రహింపవచ్చును.

1947లో చేసిన చట్టము ననుసరించి ఏర్పడిన భారత నర్సింగు మండలి దేశమంతటికిని నర్సింగు పాఠ్యప్రణాళికలను నిర్ణయించుచు వచ్చినది. రెండు సంవత్సరముల ఏ.ఎన్.ఎం. శిక్షణ పొంది గ్రామమునకు పోవు విద్యార్థినికిని, మూడు సంవత్సరముల జి.ఎన్.ఎం. శిక్షణ పొంది ఆసుపత్రిలో పనిచేయు విద్యార్థినికిని మందుల జ్ఞానము తప్పనిసరి. ఇద్దరి చేతిలోను ఉండునది అదే సూది, అదే మాత్ర.

పేర్ల అడవి, కుటుంబముల బాట

తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన బాలికకు మొదటి దినములలో ఈ శాస్త్రము కొఱకరాని కొయ్యగా తోచును. పుస్తకము లావు, పేర్లు నోరు తిరుగనివి, ఒక్కొక్క మందుకు బజారులో పది పేర్లు. రాత్రియంతయు వల్లెవేసిన పేరు తెల్లవారుసరికి మరపునకు వచ్చును. చాలమంది విద్యార్థినులు ఇచ్చటనే ధైర్యము కోల్పోవుదురు.

ఈ అడవిలో ఒక బాట కలదు. ప్రతి మందుకు వ్యాపారనామముగాక ప్రపంచమంతటను చెల్లు సామాన్య నామ మొకటి యుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి నామముల మొదటి జాబితాను 1953లో ప్రకటించినది. ఈ నామములలో ఇంటిపేరు వంటి భాగ మొకటి సాధారణముగ చివర నుండును. "ఒలాల్" అని ముగియు అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ ఒక కుటుంబము. ఇవి నాడి వేగమును తగ్గించును. కనుక ఇచ్చుటకు ముందు నాడియు, రక్తపు పోటును చూడవలెను. "ప్రిల్" అని ముగియు ఎనలాప్రిల్, రామిప్రిల్ రక్తపు పోటును తగ్గించునవి; వీటి వలన కొందరికి పొడి దగ్గు పట్టుకొనును. "ప్రజోల్" అని ముగియు ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ కడుపులోని ఆమ్లమును తగ్గించును.

"సిల్లిన్" కుటుంబమును ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొనిన పెన్సిలిన్ దీనికి మూలము. స్వతంత్ర భారతము ఆ మందును తానే తయారు చేసికొనుటకై 1954లో పూనా చెంతనున్న పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ సంస్థను నెలకొల్పినది. ఎందరినో బ్రతికించిన ఈ కుటుంబమే, శరీరమునకు సరిపడని కొందరికి ప్రాణాంతకము కూడ కావచ్చును. పెన్సిలిన్ సరిపడదని చెప్పిన రోగికి ఆంపిసిల్లిన్ గాని, అమాక్సిసిల్లిన్ గాని వ్రాయబడియున్నచో విద్యార్థిని చేయి అచ్చటనే ఆగవలెను. పేరు వేరైనను ఇల్లు ఒక్కటే గదా!

కావున వేయి పేర్లను వల్లెవేయుటకంటె, ఒక్కొక్క కుటుంబములో ఒక్క మందును క్షుణ్ణముగ నేర్చుకొనుట ఉత్తమము. నోటుబుక్కులో ఒక్కొక్క మందుకు ఒక్కొక్క పుట కేటాయించి ఆరు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనవలెను. ఇది యే కుటుంబమునకు చెందినది? శరీరమున ఏమి చేయును? ఈ రోగికి ఎందులకు ఇచ్చుచున్నారు? ఎంత, ఏ మార్గమున ఇయ్యవలెను? ఇచ్చుటకు ముందు ఏమి చూడవలెను? ఇచ్చిన పిమ్మట ఏమి కనిపెట్టవలెను, రోగికి ఏమి చెప్పవలెను? మొదటి నాలుగును పరీక్షలో అడుగుదురు. చివరి రెండును రోగి ప్రాణమును కాపాడును.

శరీరములో మందు ప్రయాణము

మ్రింగిన మాత్ర కడుపులో కరగి, ప్రేగుల గోడలగుండ రక్తములో చేరును. ఆ రక్తము తొలుత కాలేయమునకు పోవును. కాలేయము కొన్ని మందులను అక్కడనే చాలవరకు విరిచివేయును. గుండెనొప్పికి వాడు నైట్రోగ్లిసరిన్ మాత్రను మ్రింగనీయక నాలుక క్రింద నుంచుట ఇందుకే. నాలుక క్రిందినుండి అది కాలేయమును తప్పించుకొని నేరుగా రక్తములో కలియును. ఈ కారణము తెలిసిన విద్యార్థిని "నీళ్లతో మ్రింగుము" అని పొరపాటున కూడ చెప్పదు. కారణము తెలియక కంఠస్థము చేసిన విద్యార్థిని ఒకనాడు మరచిపోవచ్చును.

పని ముగించిన మందు మూత్రపిండముల ద్వారా గాని, కాలేయము ద్వారా గాని వెడలిపోవును. రక్తములోని మందు సగమునకు తగ్గుటకు పట్టు కాలమును అర్ధాయువు అందురు. అమాక్సిసిల్లిన్ అర్ధాయువు సుమారు ఒక గంట మాత్రమే. కనుక దానిని ఎనిమిది గంటల కొకసారి ఇయ్యవలసి యుండును. మన యిండ్లలో "మూడు పూటలా" అన్నచో ఉదయము ఏడు, మధ్యాహ్నము ఒంటిగంట, రాత్రి ఎనిమిది అని అర్థము. రాత్రి ఎనిమిది మొదలు ఉదయము ఏడు వరకు పదునొకండు గంటల ఎడము వచ్చును. "మూడు పూటలా" అనుటకును "ఎనిమిది గంటల కొకసారి" అనుటకును గల ఈ భేదమును రోగికి విడమరచి చెప్పవలసినది నర్సు.

డిగాక్సిన్ సంగతి దీనికి విరుద్ధము. మూత్రపిండములు చక్కగా పనిచేయువారిలో కూడ దాని అర్ధాయువు ఒకటిన్నర దినము మొదలు రెండు దినముల వరకు ఉండును. వయసు మీరినకొలది మూత్రపిండముల శక్తి తగ్గును. మందు వెడలుట మందగించును. నిన్నటి మాత్రలో మిగిలినదానిపై నేటి మాత్ర చేరును. దానిపై రేపటిది చేరును. గ్రుక్కెడు గ్రుక్కెడుగా కుండ నిండినట్లు, సరియైన మోతాదే వృద్ధుల శరీరములో క్రమముగ అధికము కావచ్చును.

భోజనముతోడి సంబంధమును మరువరాదు. గర్భిణికి ఇచ్చు ఎఱ్ఱని ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును. దీనిని టీతోగాని, కాఫీతోగాని వేసికొన్నచో ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మరసము తోడైనచో బాగుగ పట్టును. మాత్ర వాడినంతకాలము విరేచనము నల్లగ నుండును. ఈ చిన్న మాటను ముందుగ చెప్పనిచో గర్భిణి భయపడి మాత్రలను పారవేయును. శాస్త్రమంతయు చదివియు ఈ ఒక్క మాట చెప్పనిచో ఆ చదువు పల్లెకు చేరనట్లే.

బిందువు దగ్గర ప్రాణము

ఔషధశాస్త్రములో లెక్క అనగానే కొందరికి గుండె దడ. ఈ లెక్క కూడిక, గుణకారము, భాగహారములను దాటి పోదు. కాని బజారు లెక్కలో తప్పు వచ్చినచో పైకము పోవును. ఈ లెక్కలో తప్పు వచ్చినచో మనిషి పోవచ్చును.

పది కిలోల బిడ్డకు జ్వరము వచ్చినదనుకొందము. పారాసిటమాల్ ఒక్కసారికి కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 150 మిల్లీగ్రాములు ఇయ్యవలెనని వైద్యుడు వ్రాసినాడు. ఈ మందు ద్రవరూపములో రెండు బలములలో దొరకును. ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సీసా యైనచో ఇయ్యవలసినది 6 మిల్లీలీటర్లు. ఐదు మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న సీసా యైనచో 3 మిల్లీలీటర్లు మాత్రమే. రెండు సీసాలును చూపునకు ఒకే తీరుగ నుండవచ్చును. "ఒక చెంచా పోయుము" అని తల్లికి చెప్పుట చాలదు. ఏ సీసా, ఎన్ని మిల్లీలీటర్లు అని చెప్పవలెను.

ఇన్సులిన్ విషయము ఇంకను సున్నితము. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరమున తొలిసారి ఒక మధుమేహ రోగికి ఇయ్యబడిన ఈ మందు, ఆనాటినుండి కోట్లమందిని బ్రతికించినది. మన దేశములో మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న బుడ్లును, 100 యూనిట్లున్న బుడ్లును వాడుకలో నున్నవి. వాటికి సిరంజీలు వేరువేరు. 40కి ఎఱ్ఱమూతది, 100కు నారింజరంగు మూతది. 20 యూనిట్లు ఇయ్యవలసియుండగా, 100 యూనిట్ల బుడ్డినుండి 40 యూనిట్ల సిరంజిలోనికి 20 గీత వరకు తీసినచో, లోనికి వచ్చునది అర మిల్లీలీటరు. అనగా 50 యూనిట్లు. ఇది కావలసినదానికి రెండున్నర రెట్లు. రోగికి చెమటలు పట్టి, స్పృహ తప్పి, ప్రాణాపాయము కలుగవచ్చును. బుడ్డిపై అంకెయు సిరంజిపై అంకెయు ఒక్కటియేనా యని చూచుటకు ఐదు క్షణములు చాలును.

సిరలోనికి ఎక్కించు ద్రవమునకును లెక్క కలదు. 500 మిల్లీలీటర్లను ఎనిమిది గంటలలో ఎక్కింపవలెను. గొట్టము మిల్లీలీటరుకు 20 చుక్కలు విడుచును. మొత్తము పదివేల చుక్కలు. ఎనిమిది గంటలకు 480 నిమిషములు. నిమిషమునకు సుమారు 21 చుక్కలు. తొందరపడి చక్రమును ఎక్కువగ వదలినచో బలహీనమైన గుండె ఆ నీటిని మోయజాలదు.

వ్రాతలో కూడ జాగరూకత కావలెను. అర మిల్లీగ్రామును 0.5 అని సున్న ముందుంచి వ్రాయవలెను. సున్న లేనిచో బిందువు కనబడక 5 అని చదువుకొనవచ్చును. ఐదు మిల్లీగ్రాములను 5.0 అని వ్రాయరాదు. బిందువు చెరిగినచో 50 యగును. ఇన్సులినుకు "యూనిట్లు" అను మాటను పూర్తిగ వ్రాయవలెను. ఆంగ్లములో ఒక్క అక్షరముతో కుదించి వ్రాసినచో ఆ అక్షరము సున్నవలె కనబడి, 4 కాస్త 40 యగు ప్రమాదము కలదు.

ఒకే ప్రయోగశాల, రెండు మాత్రలు

1895లో భీమవరములో జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాకు పోయి పరిశోధనలు సాగించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు తెలుగువారికి సుపరిచితము. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున 1940ల దశకములో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారు చేసిరి. పల్లెలో ఏ.ఎన్.ఎం. పంచు ఎఱ్ఱమాత్రలోని విటమిను అదియే. రక్తము వృద్ధియగుటకును, గర్భములోని శిశువు పెరుగుదలకును అది అవసరము.

అదే ప్రయోగశాలలో ఆ ఫోలిక్ ఆమ్లమునకు ఎదురు నిలుచు మందులను కూడ రూపొందించిరి. వానితో 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన బాలురకు తాత్కాలికముగనైనను ఉపశమనము కలిగింపగలిగెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. ఆ జాతికి చెందిన మెథోట్రెక్సేట్ నేడు కీళ్లవాతమునకు కూడ విరివిగ వాడబడుచున్నది. కీళ్లవాతమునకు దానిని వారమునకు ఒక్కసారి మాత్రమే ఇయ్యవలెను. పొరపాటున ప్రతిదినము వేసికొన్నచో ఎముకల మూలుగలో రక్తకణముల ఉత్పత్తి నిలిచి, నోరు పూసి, మరణము సంభవింపవచ్చును. ఇట్టి మరణములు అనేక దేశములలో జరిగినవి.

ఇచ్చట మరియొక చిక్కు కలదు. మెథోట్రెక్సేట్ వాడు రోగికి దాని దుష్ఫలితములు తగ్గుటకై వేరొక దినమున ఫోలిక్ ఆమ్లము ఇత్తురు. రెండును చిన్న పసుపు మాత్రలుగనే దొరకవచ్చును. ఒకటి కణమును పెంచునది, మరియొకటి కణమును ఆపునది. చదువురాని రోగికి రెండును ఒక్కటిగనే కనబడును.

"అమ్మా, కీళ్లనొప్పి ఓర్వలేకున్నాను. ఈ మాత్ర రోజూ వేసుకుంటే త్వరగా తగ్గుతుందా?" అని ఏ రోగియైనను అడుగవచ్చును. ఔషధశాస్త్రము తెలిసిన విద్యార్థిని తల యూపి ఊరకుండదు. "వద్దమ్మా, ఇది సోమవారం నాడు మాత్రమే. ఇంకే రోజూ వద్దు. నొప్పి ఎక్కువైతే డాక్టరుగారికి చెబుదాం గాని, ఈ మాత్ర పెంచకూడదు" అని చెప్పి, మాత్రల పొట్లముపై వారము పేరు తెలుగులో వ్రాసి యిచ్చును. ఆ తరువాత రోగి చేతనే ఆ మాటను తిరిగి చెప్పించును. రోగి తిరిగి చెప్పగలిగినప్పుడే పాఠము పూర్తియైనట్లు.

పల్లెలో ఒంటరిగా

ఆసుపత్రిలో విద్యార్థినికి తోడు కలరు. ఏ.ఎన్.ఎం.కు పల్లెలో తోడు తన చదువే. నిండు గర్భిణికి రక్తపు పోటు పెరిగి మూర్ఛలు వచ్చుటను గుర్రపువాతమందురు. తల్లికిని బిడ్డకును గండమైన ఈ స్థితిలో మెగ్నీషియం సల్ఫేట్ ప్రాణదాత. పెద్దాసుపత్రికి పంపుటకు ముందు తొలి మోతాదును ఇచ్చుటకు జాతీయ మార్గదర్శకములు ఏ.ఎన్.ఎం.కు అనుమతి నిచ్చినవి. నూటికి 50 పాళ్ల ద్రావణము, ఒక్కొక్క పిరుదు కండరములో లోతుగ 5 గ్రాములు, అనగా 10 మిల్లీలీటర్లు.

ఇంత పెద్ద మోతాదును ధైర్యముగ ఇయ్యవలెనన్న దాని గుణము తెలియవలెను. ఈ మందు మూత్రపిండముల ద్వారా వెడలును. మూత్రము తగ్గినచో మందు శరీరములో నిలువయగును. నిలువయైనచో మొదట మోకాటి చిప్ప క్రింద తట్టినప్పుడు కాలు ఎగురుట మానును. పిదప శ్వాస మందగించును. అందుచేత తరువాతి మోతాదునకు ముందు ఆసుపత్రిలో మూడింటిని చూతురు: మోకాటి స్పందన ఉన్నదా, శ్వాస నిమిషమునకు 16కు తగ్గకున్నదా, మూత్రము గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గక వచ్చుచున్నదా. విరుగుడుగా కాల్షియం గ్లూకొనేట్ చేరువలో నుంచుదురు. ఈ మూడు గుర్తులును వేరువేరు నియమములు కావు. మందు ప్రయాణము తెలిసినవారికి ఒకదాని వెంట ఒకటి తామే స్ఫురించును.

అడుగుటయు విద్యయే

సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన సమయము: ఈ ఐదింటిని ప్రతి విద్యార్థినియు మొదటి నెలలోనే వల్లించును. వీటికి తోడు ఇచ్చిన వెంటనే వ్రాసి సంతకము చేయవలెను, ఇయ్యకముందు వ్రాయరాదు. మూతపై రంగును, ఆంప్యూలు ఆకారమును నమ్మరాదు. గాఢమైన పొటాషియం క్లోరైడ్ ఆంప్యూలు చూచుటకు స్వచ్ఛజలపు ఆంప్యూలు వలెనే యుండును. దానిని పలుచన చేయక సిరలోనికి ఎక్కించినచో గుండె ఆగిపోవును. అక్షరములను చదువుట తప్ప వేరు మార్గము లేదు. బుడ్డిని తీయునపుడు ఒకసారి, మందును పోయునపుడు ఒకసారి, తిరిగి పెట్టునపుడు ఒకసారి చదువవలెను.

ఈ ఐదింటికంటె కష్టమైనది మరియొకటి కలదు. అది అనుమానము వచ్చినప్పుడు పైవారిని అడుగుట. విద్యార్థిని చిన్నది, వార్డు సిస్టరు పెద్దది, వైద్యుడు ఇంకను పెద్దవాడు. "నీకేమి తెలియును?" అందురేమో యను భయము సహజము. కాని అడిగినందుకు కలుగు సిగ్గు ఒక్క నిమిషముండును; అడుగనందుకు కలుగు పశ్చాత్తాపము జన్మమంతయు నుండును. ఒకవేళ పొరపాటు జరిగిపోయినను దాచరాదు. వెంటనే చెప్పినచో విరుగుడు చేయుటకు సమయముండును. మందు వలన కలిగిన దుష్ఫలితములను నమోదు చేయుటకై 2010లో మన దేశములో ప్రత్యేక కార్యక్రమము ఆరంభింపబడినది. నర్సులు కూడ దానికి నివేదికలు పంపవచ్చును.

ఏడవ పడక

ఆ ఉదయము విద్యార్థిని మాత్రను ఇయ్యలేదు.

1785లో విలియం విథరింగ్ అను ఆంగ్ల వైద్యుడు ఫాక్స్‌గ్లవ్ మొక్కను గూర్చి గ్రంథమును ప్రకటించెను. ఒక వృద్ధురాలు రహస్యముగ కాపాడుకొనుచున్న వాపు మందును పరిశీలించి, దాని శక్తికి మూలము ఆ మొక్కయే అని ఆయన గుర్తించినాడు. డిగాక్సిన్ ఆ జాతి మొక్కనుండి వచ్చినదే. ఆ మందు మితిమీరినచో వికారము, వాంతి కలుగుననియు, వస్తువులు పసుపుగను పచ్చగను కనబడుననియు, నాడి మందగించుననియు, అట్టి గుర్తు కనబడగానే మందు ఆపవలెననియు ఆయన ఆనాడే వ్రాసియుంచెను. పెద్దలలో నాడి అరువదికి తగ్గినచో డిగాక్సిన్ ఆపి వైద్యునికి తెలుపవలెనని నేటి విద్యార్థినులు నేర్చుకొనుచున్నారు.

విద్యార్థిని నోటుబుక్కులో డిగాక్సిన్ పుట కలదు. "ఇచ్చుటకు ముందు ఏమి చూడవలెను" అనుచోట నాడి యనియు, "ఏమి కనిపెట్టవలెను" అనుచోట అన్నము సయింపకుండుట, వికారము అనియు వ్రాసికొనియున్నది. ఫ్యూరోసెమైడ్ పుటలో మూత్రముతోపాటు పొటాషియము కూడ పోవుననియు, పొటాషియము తగ్గినచో డిగాక్సిన్ విషము త్వరగా తలకెక్కుననియు వ్రాసికొనియున్నది. అవ్వకు ఆ రెండు మందులును నడుచుచున్నవి. వయసు చేత మూత్రపిండముల శక్తి తగ్గియుండును. "ముసలిదాన్ని గదా, ఏం తింటానులే" అను మాట ఇతరుల చెవికి వృద్ధాప్యముగ వినబడియుండును. ఆమె చెవికి మందుగ వినబడినది.

ఆమె మాత్రను ప్రక్కన పెట్టి, నాడి ఎంతయున్నదో వ్రాసి, వార్డు సిస్టరు వద్దకు పోయినది. "సిస్టర్ గారూ, ఏడో పడక అవ్వకు నాడి ఏభైరెండు ఉన్నదండీ. రెండు రోజులుగా అన్నం సయించడం లేదంటున్నారు. డిగాక్సిన్ ఆపాను. ఒకసారి చూస్తారా?" సిస్టరు వచ్చి తాను కూడ లెక్కించి, డ్యూటీ వైద్యునికి ఫోను చేసినది. వైద్యుడు మాత్రను ఆపుమని చెప్పి, గుండె ఈ.సి.జి.ని, రక్తములోని పొటాషియమును, మూత్రపిండముల పనిని పరీక్షింపించినాడు. పొటాషియము తగ్గియున్నది. దానిని సరిచేసి, నాడి కుదుటబడిన పిమ్మట డిగాక్సిన్ మోతాదును తగ్గించినాడు.

ఆ విద్యార్థినికి ఎవ్వరును బహుమానము నీయలేదు. ఇయ్యవలసిన పనియు లేదు. మిగిలిన పదునొకండు పడకలకును మందులిచ్చి, ఆమె డ్యూటీ దిగిపోయినది. ఐదవనాటి మధ్యాహ్నము అవ్వ తనంతట తానే అన్నము అడిగి పెట్టించుకొన్నది.